క్యారియర్ లేని సైకిల్

హాక్సా బ్లేడు క్యారియర్ కడ్డీ మీద కరకరలాడుతుంటే ఆమెకి ప్రాణం విలవిల్లాడింది.

ఆరేళ్ళు ఆ క్యారియర్ మీదే కూర్చుంది. ఇసుక తిన్నెలు దాటి, రాళ్ళదారి ఎక్కి, కొండకొమ్మున ఉన్న వాతావరణ కేంద్రానికి రోజూ పొద్దున ఏడింటికల్లా ఆమెను చేర్చింది ఆ లావు టైర్ల సైకిలే. తొక్కింది మొగుడు. సరిగ్గా ఏడుకి వానకొలత, గాలివేగం, వేడి చూసి రాసి పంపడం ఆమె ఉద్యోగం. ఏడూ అయిదుకి రాస్తే రాయనట్టే.

నెల క్రితం ఉన్నట్టుండి, "మోకాళ్ళు పోయాయి, ఇక నా వల్ల కాదు" అని చేతులెత్తేశాడు. అప్పటినుంచీ నడకే. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. "మూడోసారి అయితే మీ కుర్చీలో వేరేవాళ్ళుంటారమ్మా" అని ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ కుర్చీ వల్లే. ఈయనగారి సైకిల్ షాపు చూద్దామా అంటే, వచ్చిన బేరాన్నల్లా "ఖాళీ లేదు" అని తిప్పి పంపేస్తున్నాడు.

ఇప్పుడు మాత్రం దెయ్యం పట్టినవాడిలా ఆ సైకిల్‌కి మోటారు బిగిస్తున్నాడు. సోమవారానికి నడిచి తీరాలంటాడు. వేరే మాటే లేదు.

"అది కోసేస్తే నేనెక్కడ కూర్చోవాలి?"

"సీటు మీద."

"మరి మీరు?"

"బరువు ఎక్కువైతే ఇసుకలో దిగబడుతుంది. జరుగు."

అదీ సమాధానం! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాన్ని మోయడం బరువైపోయిందన్నమాట. ఆ ముక్కేదో మొహం మీదే చెప్పొచ్చుగా! అసలు మొహం చూస్తే కదా. గురువారం రాళ్ళదారిలో జారిపడి నుదురు చిట్లింది. ఇంత కట్టు కట్టుకుని రెండు రోజులుగా ఎదురుగానే తిరుగుతోంది. ఏమైందని అడిగిన పాపాన పోలేదు మహానుభావుడు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మోటారున్న కొత్త చక్రానికి ఒక్కొక్క స్పోకునీ గోటితో మీటి, చెవి ఒగ్గి విని, మరీ బిగించాడు. చక్రం తిప్పితే వెంట్రుకవాసి వంకర లేదు. అంతా అయ్యాక తీగలు కలిపి స్విచ్ వేశాడో లేదో, మోటారుకి కరెంటు పంచే కంట్రోలరు బుస్సుమని పొగలు కక్కి చచ్చూరుకుంది.

పక్కషాపు ఎలక్ట్రీషియను పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేం పని బావా! ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. బళ్ళో చేరని పిల్లాడు కూడా కలుపుతాడు. ధ్యాస ఎక్కడ పెట్టావు?"

మొగుడు నేలమీద చతికిలబడి తల పట్టుకున్నాడు. భుజాలు ఎగిసిపడుతున్నాయి. అతను ఏడవగా ఆమె చూడటం అదే మొదలు. జాలేసింది. జాలేసినందుకు తనమీద తనకే కోపమూ వచ్చింది.

"నా దగ్గర ఇంకొక్కటి ఉంది," అన్నాడు ఎలక్ట్రీషియను. "ఇదీ కాల్చావంటే మళ్ళీ రావడానికి పది రోజులు. నీ ఇష్టం."

అతను కళ్ళు తుడుచుకుని భార్యను పిలిచాడు. "ఇలా రా. రంగులు నువ్వు చెప్పు, నేను కలుపుతా."

"మధ్యలో నేనెందుకు?"

"దారిలో ఊడితే ఎవరు పెడతారు? నేర్చుకో."

"అంటే దారిలో మీరుండరన్నమాట!"

"పసుపు తీగ ఏదో చెప్పవే తల్లీ," అన్నాడు.

చెప్పింది. పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎరుపు, నలుపు. ఈసారి మోటారు తేనెటీగలా జుమ్మంది.

ఆదివారమంతా ఇసుకలో పాఠం. ఆమె సైకిల్ తొక్కింది ఎప్పుడో చిన్నప్పుడు. అతను సీటు పట్టుకుని వెనకే పరిగెత్తాడు. ఇసుకలో బోర్లా పడ్డాడు, లేచాడు, మళ్ళీ పరిగెత్తాడు. మోకాళ్ళు పోయినవాడు ఇలా పరిగెడతాడా? ఎంత అబద్ధం! తనని వదిలించుకోవడానికి ఎంత నాటకం! ఆ కసితోనే పెడలు గట్టిగా తొక్కింది. ఎప్పుడు సీటు వదిలేశాడో, తిన్నె చివరిదాకా ఒక్కతే వెళ్ళిపోయింది.

సోమవారం ఆరుంబావుకి గుమ్మంలో నిలబడ్డాడు.

"తిన్నె మీదికి వెళ్ళాక ఓసారి చెయ్యి ఊపు. నేనిక్కడే ఉంటా."

ఆమె కొంగు బిగించింది. సైకిల్ ఎక్కింది. లావు టైర్లు ఇసుకని అణిచేస్తూ ముందుకు దూకాయి. నడిస్తే పది నిమిషాలు పట్టే తిన్నె రెండు నిమిషాల్లో కిందికైపోయింది. అంత కోపంలోనూ నవ్వొచ్చేసింది. చెయ్యి ఊపుదామని వెనక్కి తిరగబోతూ నాలుక కరుచుకుంది. కేంద్రం తాళంచెవి ఇంట్లో మేకుకే ఉండిపోయింది!

ఈ సైకిల్‌తో ఇంకా బోలెడు టైముంది. ఇసుకలో బండిని వెనక్కి తిప్పుకోవడం ఇంకా చేతకాక, తిన్నె అవతలే సైకిల్‌ని పడుకోబెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని గబగబా దిగొచ్చింది. మెత్తటి ఇసుకలో అడుగుల చప్పుడే లేదు. నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడి అతనికి రెండడుగుల దూరంలో ఆగింది.

"భలే పోతున్నావే! ఇక్కడికి ఎంత బాగా కనిపిస్తున్నావో! మలుపు దగ్గర మాత్రం నెమ్మది!" అని, ఎదురుగా నిలబడ్డ ఆమె తల మీదుగా, ఎవరూ లేని ఇసుక తిన్నెకేసి చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడతను.