తమ్ముడి పేరు

"నీకు నోరు లేదా అప్పలసూరీ? ఎనిమిది వారాలుగా టీ తాగి పోడానికే వస్తున్నావా?"

అనేశాక గురుప్రసాద్ నాలిక్కరుచుకున్నాడు. సాలూరులో లారీ షెడ్డు వెనకగదిలో గుండ్రంగా కూర్చున్న మిగతా తొమ్మిదిమంది డ్రైవర్లూ తలలు దించుకున్నారు. యాభై దాటిన మనిషిని, పోయిన వారందాకా మీరు అని పిలిచిన మనిషిని, నలుగురిలో అంత మాటన్నందుకు సిగ్గేసింది. కానీ ఏం చేస్తాడు? ప్రమాదాలు చూసిన డ్రైవర్లు ఒకచోట కూర్చుని కష్టం చెప్పుకుంటే మనసులు తేలికపడతాయా అన్నది అతని పీహెచ్‌డీ. ఎవరెన్ని నిమిషాలు మాట్లాడారో రాసుకునే కాగితంలో అప్పలసూరి వరసంతా సున్నాలే. ఇవాళ ఆఖరి రోజాయె.

"పోనిద్దురూ బాబూ," అన్నాడు అందరికంటే పెద్దవాడైన నారాయణమూర్తి. "ఆడి గుండెల్లో ఏటున్నాదో. మాకు మాత్రం ముందు నోరొచ్చినాదేటి? మొదటివోరం మీరు మీ తమ్ముడి సంగతి సెప్పబట్టే కదా, మేమూ సెప్పుకున్నాం."

గురుప్రసాద్ కాగితాలు సర్దుకోసాగాడు.

"నాలుగేళ్ల కిందట, సుంకి ఘాటీ మలుపు, సందేల వోన, బైకుని గుద్దీసి ఆపకండా పోయిన లారీ... మీరు కళ్లొత్తుకుంటే మాకూ ఏడుపొచ్చీసినాది."

"ఇప్పుడదంతా ఎందుకు మూర్తిగారూ!"

గైడుగారు ముందే చెప్పారు. గుంపును నడిపేవాడు తన కష్టం ఒకటి బయటపెడితే మిగతావాళ్ల నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయని. తెరుచుకున్నాయి కూడా, ఒక్కడిది తప్ప.

ఆ ఒక్కడూ లేచాడు. తుండుగుడ్డ నలుపుకుంటూ వచ్చి గురుప్రసాద్ కాళ్ల మీద పడ్డాడు.

"ఆ లారీ నాదే బాబూ."

పాదాలు వదలకుండానే చెప్పుకుపోయాడు.

"గుద్దినట్టు తెలిసినాది. దిగితే జనం సంపేస్తారని బయమేసినాది. దార్లో ఎవుడి బండాగిపోయినా సాలూరు డ్రైవరు దిగి సాయం సెయ్యకండా పోడని పేరు మాది. నేను పోనాను. మీరు సెప్పిన కాడ్నుంచీ ప్రెతివోరం ఒప్పేసుకుందావనే వొస్తన్నాను. మీ మొకం సూస్తే గొంతు పెగల్నేదు."

"లేవండి... అప్పలసూరిగారూ, లేవండి." గురుప్రసాద్ అతని భుజాలు పట్టుకుని లేపాడు. "అది మీ లారీ కాదు. అయ్యుండదు."

"నాదే బాబూ. అదే మలుపు, అదే వోన. ఇంకెవుడిదవుతాది? రేపు టేసనుకెళ్లి నొంగిపోతాను. ఈలోపల ఒక్క పనున్నాది." జేబులోంచి మడత పెట్టిన చీటీ, పెన్ను తీశాడు. "పిండం ఎడదావని శ్రీకూర్మం ఎల్లినాను. పేరు నేకండా ఎలాగయ్యా అన్నారు పంతులుగారు. మీ తమ్ముడి పేరు రాసియ్యండి బాబూ."

"రాయండి బాబూ," అన్నాడు నారాయణమూర్తి, కళ్లు తుడుచుకుంటూ. "ఆడి ఆత్మ సల్లబడతాది. ఈడి పేణమూ సల్లబడతాది."

పదిమందీ గురుప్రసాద్ చేతివంకే చూస్తున్నారు. పెన్ను చీటీ మీద ఆనింది గానీ ముందుకు సాగలేదు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

వాళ్లమ్మకు గురుప్రసాద్ ఒక్కడే కొడుకు.