పచ్చి చేప

"ప్లేట్లో ఒక్క ముక్క మిగిల్చినా ఫైన్ వేస్తారట. రెండు గంటలే టైం. మొదలుపెట్టండి," అంది అనసూయ మేడమ్.

నోయిడాలోని ఆ జపాన్ హోటల్లో ఎంత తిన్నా ఒకటే రేటు. శనివారం మధ్యాహ్నం కావడంతో కిటకిటలాడుతోంది. బల్లకి ఇటుపక్క ఉమారాణి, ప్రవల్లిక. అటుపక్క వాళ్ల మేనేజరు అనసూయ మేడమ్. ఆవిడ ఢిల్లీ జనక్‌పురిలో పుట్టి పెరిగిన మనిషి. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ మధ్యమధ్యలో హిందీ జారిపోతుంటుంది.

ఈ విందు ఎందుకో ముగ్గురికీ తెలుసు. జపాన్‌లోని ఒసాకా క్లయింటు పనికి ఒక టీమ్ లీడ్ కావాలి. వీళ్లిద్దరిలో ఒకరు లీడ్, రెండోవాళ్లు పని లేకుండా బెంచ్ మీదకి. వాళ్ల కంపెనీలో బెంచ్ ఎక్కినవాళ్లు రెండు నెలలు తిరిగేసరికి ఇంట్లో ఉంటారు. సోమవారం పేరు పంపాలి.

"పోయినసారి లీడ్ ఏం చేసిందో తెలుసుగా," అంది మేడమ్ నాప్‌కిన్ విప్పుతూ. "పని సగంలో ఉండగా వచ్చి, మేడమ్ నేను ప్రెగ్నెంట్, నాలుగో నెల అంది. క్లయింటు ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలి? ముందే అడుగుదామంటే హెచ్‌ఆర్ ఊరుకోదు. ఛోడో. తినండి."

వెయిటరు చెక్క పళ్లెం తెచ్చిపెట్టాడు. చిన్న చిన్న అన్నం ముద్దలు. వాటి మీద నారింజ రంగు సాల్మన్, ఎర్రటి ట్యూనా. అన్నీ పచ్చివే. తడితడిగా మెరుస్తున్నాయి.

ఉమారాణి మచిలీపట్నం పిల్ల. చేపంటే పులుసులో ఉడికి, మర్నాడు పొద్దున ఇంకా రుచెక్కేదని తప్ప వేరే ఎరగదు. అయినా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది.

"వెన్నలా ఉంది మేడమ్," అంది.

"షాబాష్. క్లయింటు డిన్నరుకి పిలిస్తే ఇలాగే తినాలి. ప్రవల్లికా, నువ్వేంటి ఆ కీరా ముక్కలు తెప్పించుకున్నావు?"

"కడుపు బాగాలేదు మేడమ్."

అది అబద్ధమని ఉమారాణికి తెలుసు. ఈ లీడ్ పని తనకే రావాలని ప్రవల్లిక ఏడు శనివారాలు నీచు ముట్టనని వెంకన్నకి మొక్కుకుంది. ఇది రెండో శనివారం. మొక్కు తీరకముందే నలుగురికీ చెబితే ఫలించదని వాళ్లమ్మ హెచ్చరించింది. అందుకే భర్తకి కూడా చెప్పలేదు. ఉమారాణికి మాత్రం చెప్పుకుంది. ఇద్దరిదీ ఇందిరాపురంలో ఒకే అపార్టుమెంటు. రోజూ ఒకే కారులో ఆఫీసుకి వస్తారు.

ఉమారాణి రెండో ముద్ద అందుకుంది.

"మా ఇంట్లో చేపల పులుసు చేస్తే గిన్నె ఊడ్చేదానివి. ఈమధ్య ఏమైందే నీకు? మొన్న లిఫ్టులో కూడా కళ్లు తిరుగుతున్నాయన్నావు."

ప్రవల్లిక తెల్లబోయింది. "నేనా అక్కా?"

"నువ్వే. గోడ పట్టుకుని నిలబడ్డావు. మర్చిపోయావా?"

మేడమ్ చేతిలో తినే పుల్లలు గాలిలోనే ఆగాయి.

"అచ్ఛా," అంది నెమ్మదిగా.

"మేడమ్, అలాంటిదేం లేదు," అంది ప్రవల్లిక కంగారుగా.

"ఎలాంటిది? నేనేమీ అడగలేదు కదా బేటా." మేడమ్ నవ్వింది. పళ్లెంలోంచి ఒక సాల్మన్ ముద్ద తీసి ప్రవల్లిక ప్లేట్లో పెట్టింది. "ఒక్కటి. నా కోసం."

ప్రవల్లిక ఆ ముద్ద వంక చూసింది. తింటే మొక్కు చెడుతుంది. తినకపోతే ఉద్యోగం పోతుంది. పుల్లలతో పైకెత్తింది. పెదవుల దాకా తెచ్చింది. మళ్లీ ప్లేట్లో పెట్టేసింది. నువ్వైనా ఏదో ఒకటి చెప్పి ఆపమన్నట్టు ఉమారాణి వైపు చూసింది.

ఉమారాణి చెప్పింది.

"పాపం, బలవంతం చెయ్యకండి మేడమ్. ఇలాంటప్పుడు పచ్చి చేప మంచిది కాదంటారు."

ప్రవల్లిక ప్లేటుని కాస్త ముందుకి జరిపింది. ఉమారాణి చెయ్యి చాపి ఆ ముద్దని తీసుకుని, ఫైన్ ఎందుకు కట్టడం అంటూ తినేసింది. ఆ తర్వాత ఇంకో ఆరు తింది. ఒక్కో ముద్దకీ మేడమ్ ముఖం వికసిస్తూ వచ్చింది.

బయటికొచ్చాక, ప్రవల్లిక కారు తేవడానికి వెళ్లగానే, మేడమ్ ఉమారాణి భుజం తట్టింది.

"సోమవారం నీ పేరే పంపుతున్నా. ఆ అమ్మాయికి నేనే చెప్తాలే. ఇప్పుడే ఏమీ అనకు."

"పాపం, తను బాధపడుతుంది మేడమ్."

"క్యా కరే. రిస్క్ తీసుకోలేను."

ఇందిరాపురం దారిలో సిగ్నల్ పడింది. ప్రవల్లిక స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ అడిగింది.

"ఎందుకక్కా అలా అన్నావు? మేడమ్ ఏమనుకుని ఉంటారు?"

"ఏమనుకుంటే ఏంటే? అలా అనకపోతే ఆవిడ నీ నోట్లో కుక్కేసేది. నీ మొక్కు నిలబడాలనే అన్నాను."

ప్రవల్లిక కళ్లు తుడుచుకుంది.

"నిజమే. నాకు తట్టలేదు. థాంక్స్ అక్కా," అంది.

ఇంటికి రాగానే ఉమారాణి బాత్రూం గడియ వేసుకుని, గొంతులో రెండు వేళ్లు పెట్టి తిన్నదంతా కక్కేసి, నోరు కడుక్కుని, మూడు నెలలుగా మొగుడికి తప్ప ఎవరికీ చెప్పని తన కడుపు మీద తడి చెయ్యి వేసి, "నీకేం కాలేదు కదరా కన్నా?" అని అడిగింది.