అయిదు కాపీలు

బస్సులు లేవు, ఆటోలు లేవు. సకల జనుల సమ్మెతో ఎల్బీనగర్ చౌరస్తా నినాదాలతో హోరెత్తిపోతోంది. ప్రసన్నలక్ష్మి కొంగు నడుముకు దోపుకుని చైతన్యపురి వైపు నడక మొదలుపెట్టింది. చేతిసంచిలో అయిదు పెన్‌డ్రైవులు.

గనుల్లోనూ సమ్మే కావడంతో బొగ్గు ఆగిపోయి కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తోంది. పొద్దున వచ్చింది ఇంట్లో కంప్యూటర్‌ను కాల్చేసి మరీ పోయింది. హార్డ్‌డిస్క్ మీద ఆశ వదులుకొమ్మని రిపేరతను చేతులెత్తేశాడు.

ఆమె నాయన పేరు ఆనందం. ఆయన నలభై ఏళ్లపాటు గీసిన పోచంపల్లి చీరల డిజైన్లు నాలుగు వందల పైచిలుకు. అన్నీ స్కాన్ చేసి అందులోనే దాచింది. ఇప్పుడాయన వేళ్ల వణుకుకు పెన్సిలే నిలవదు.

"అన్నీ పోయినట్టేనా బిడ్డా?"

"పరేషాన్ గాకు నాయనా. అయిదు కాపీలున్నయి."

అన్నదే గానీ ఆమెకు కాలు నిలవలేదు.

నిజానికి ఈ విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి లేదు. రెండేళ్లుగా శుక్రవారం దీపం పెట్టగానే ఇదే పని. కంప్యూటర్ తెర మీది 'నాయన' ఫోల్డర్‌ను ఒక్కో పెన్‌డ్రైవులోకి వేసేది. రెప్పపాటులో అయిపోయేది. ఊరికే నమ్మే మనిషి కాదు, అక్కడే పెన్‌డ్రైవులోంచి తెరిచి చూసేది. చీరలన్నీ వరసగా కనిపించాకే కుంకుమ బొట్టు పెట్టి, ఒకటి బియ్యం డబ్బాలో, ఒకటి పై వాటా కిష్టమ్మ దగ్గర, ఇలా తలో చోట దాచేది.

ఆ ధీమాతోనే బోనాలకు సున్నం వేయించినప్పుడు చెదలు పట్టిన అసలు కాగితాలను కాల్చేయించింది. నాయన రెండు కాగితాలు పట్టుకుని తటపటాయిస్తే అవీ లాక్కుంది.

వెంకటేశ్వరరావు నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరింది.

"ముందు మంచినీళ్లు తాగండమ్మా."

"నీళ్లు తర్వాత సార్. జర గివి తెరువుండ్రి."

మొదటిది పెట్టాడు. 'నాయన' అన్న పేరు కనిపించగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. నొక్కాడు. తెరుచుకోలేదు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టాడు. అయిదూ అంతే.

"వైరసా సార్?"

ఆయన జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది.

"అయిందా బిడ్డా?"

"అయితున్నది నాయనా" అని టక్కున పెట్టేసింది.

వెంకటేశ్వరరావు తెరకు దగ్గరగా వంగాడు. "ఈ ఫోల్డర్ బొమ్మకి మూలన చిన్న బాణం గుర్తుంది చూశారా? మీ ఇంట్లో తెర మీదా ఇలాగే ఉండేదా?"

"మొదటి సంది ఉన్నది."

ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు ఇన్నాళ్లూ కాపీ చేసింది డిజైన్లు కాదమ్మా, అవి మీ ఇంటి కంప్యూటర్లో ఎక్కడున్నాయో చెప్పే అడ్రసు మాత్రమే."