ఆకలికి ఓర్వని గుండె

కారులో కూర్చుని అరటిపండు తొక్క తీస్తుంటే, ఎదురుగా టెంటులో పాట ఆగింది.

ఖాజాగూడ చౌరస్తా. సకల జనుల సమ్మె. రిలే నిరాహార దీక్ష, పద్దెనిమిదో రోజు.

మైకు మా అన్న ఐలయ్య చేతిలో ఉంది.

"చూడుండ్రి, నా సొంత తమ్ముడు శివ. ఊరంత పస్తులుంటే, వీనికి రెండు గంటలకోపారి మేత కావాలె."

నవ్వారు. అందరూ తెలిసినవాళ్ళే.

దిగి వెళ్ళాను. అన్నకు ఒక మాట చెప్పాలనే వచ్చాను. పక్కకు పిలిచాను, రాలేదు. అక్కడే మొదలుపెట్టాను.

"అన్నా, నా ఒంట్ల కొవ్వు శక్తిగ మారదంట. పుట్టుకతోనే లోపమంట. కడుపు మాడితే గుండె కండరం పాడైతదంట. ఇప్పటికే గుండె ఉబ్బింది."

"ఎవరు చెప్పిండ్రు?"

"దవాఖానల చలపతిరావు సారు."

"ఏ ఊరాయన?"

"ఆంధ్ర దిక్కు."

అన్న మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"తెలంగాణోడు ఉపాసముంటే గుండె ఆగుతదని ఆంధ్ర డాక్టర్ చెప్పిండంట. వీడు నమ్మిండు."

ఈసారి నవ్వు రోడ్డు దాటింది. నా కారు కిరాయికి తీసుకునే కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు కూడా నవ్వారు.

చిన్నప్పుడు మా చెల్లె జ్వరంతో రెండు రోజులు ఏమీ తినలేదు. మూడో రోజుకు ప్రాణం పోయింది.

దవాఖానలో నేనా సంగతి చెప్పాకే డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "మీ అన్నగారికీ ఈ లోపం ఉండొచ్చండి. పరీక్ష చేసేదాకా ఆయన్ని పస్తు ఉండనివ్వకండి."

ఆ మాట ఇంకా నా నోట్లోనే ఉంది.

"ఇగ రిలే లేదు, గిలే లేదు," అన్నాడు అన్న. "రేపటిసంది నేను ఆమరణ దీక్షకు కూసుంటున్న. మంచినీళ్ళే."

టెంటు లేచి నిలబడింది. జై తెలంగాణ. నేనూ అన్నాను.

అరుపులు తగ్గాక అన్న మైకు దించి నా వైపు చూశాడు.

"ఇంకేమన్న చెప్పిండార మీ డాక్టరు?"

లోపల ఏదో చల్లబడింది. అది భయం కాదు.

"ఇంకేం చెప్పలె."

ఎవరో బంతిపూల దండ తెచ్చి, అన్న మెడలో వెయ్యమని నా చేతికిచ్చారు.

అన్న నా ముందు తల వంచాడు.