మెదడుకెక్కిన పురుగు

ఆదివారం పొద్దున్నే అంబిక ఫోను నుంచి తమిళనాడు గుడియాత్తంలోని వాళ్ల వీధి వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చి పడింది. ఒక పక్క కాలీఫ్లవర్, దాని మీద ఆకుపచ్చ పురుగు. ఇంకో పక్క మనిషి తలకాయ స్కాను. రెండింటినీ కొట్టేస్తూ పెద్ద ఎర్ర ఇంటూ మార్కు. కింద నాలుగు వరుసల తెలుగు.

వెనకే అంబిక వాయిస్ మెసేజి.

"చిత్తూరు నుంచి మా వదిన పంపినాది. పువ్వులో పురుగు నేరుగా మెదడుకే ఎక్కుతాదంట. తినద్దని ఎర్రగా ఇంటూ కొట్టినారు చూడండి. మన తెలుగులోనే రాసినారు, అందురూ బాగా చదవండమ్మా!"

అందరూ చదివామన్నారు. చదివితే ఒళ్లు జలదరించిందని గాయత్రి అంది. జానకిరామన్ అయితే రెండుసార్లు చదివానని చెప్పి, వేలూరు వెళ్లి తలకు స్కాను తీయించుకొచ్చాడు.

"ఏమీ లేదన్నారు," అన్నాడు దిగులుగా.

"యాడో దాక్కోని ఉంటాది అన్నా," అని అంబిక ధైర్యం చెప్పింది.

మునిగింది మాత్రం పచ్చయమ్మ. అదే వీధి మనిషి. సాయంత్రాలు బస్టాండు వెనక బండి మీద గోబీ వేయిస్తుంది. నాలుగో రోజుకు బండి దగ్గర నూనె చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు. కూతురి చెవులు కుట్టే విందుకు గోబీ చెప్పిన గాయత్రి కూడా వద్దంది.

"ఉప్పేసిన వేన్నీళ్లలో కడిగి, కాగే నూనెలో ఏంచేది గదమ్మా. ఏ పురుగు బతికుంటాది?"

"నువ్వు చెప్తే అయిపోయిందా అక్కా? అంత బాగా అచ్చేసినోళ్లకు తెలీదా?"

శుక్రవారం పచ్చయమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. బండి అమ్మేసి, సోమవారం నుంచి ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీకి పోవడమే. ఆఖరి వాయి నూనెలో వేసింది.

పలమనేరు బస్సు డ్రైవరు గోపాలస్వామి వచ్చి ఒక పొట్లం కట్టించుకున్నాడు.

"ఏమక్కా, ఈగలు గూడా రాలేదే?"

"ఈ బొమ్మ తగలబడ!" పచ్చయమ్మ ఫోను తీసి చూపించింది. "ఇది చదివి మా వీధి వీధే బెదిరిపోయినాది నాయనా."

"నువ్వు చదివినావా?"

"నాకు యాడొస్తాది? మాటే తెలుగు నాయనా. మా వీధిలో అందురమూ అరవ బడికి పోయినోళ్లమే."

గోపాలస్వామి నోట్లో ముక్కను బుగ్గకు నెట్టి, ఎర్ర మార్కు కిందున్న నాలుగు వరుసలూ పైకి చదివాడు: "శుభ్రంగా కడిగి ఉడికించిన కాలీఫ్లవర్‌ను నిశ్చింతగా తినండి, దాని పురుగు మెదడుకెక్కుతుందని తిరుగుతున్న ఇలాంటి బొమ్మలన్నీ పచ్చి అబద్ధం."