మిలిటరీ తాత

దసరా మధ్యాహ్నం. గోదావరిఖనిలో ఆ క్వార్టర్ ముందు గదిలో చాపలు పరిచారు. అందరూ కంచాల ముందు కూర్చున్నా యమున వడ్డించనివ్వలేదు. ముందు బొమ్మ చూడాలంది.

ఆర్నెల్లు కూర్చుని తాత బొమ్మ వేసింది. డెబ్బై ఒకటిలో యుద్ధానికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చిన తాత. ఆ మిలిటరీ కాగితాల మీదే గనిలో ఉద్యోగం సంపాదించి ఇంటిల్లిపాదినీ నిలబెట్టిన తాత. రేపు బొమ్మ హైదరాబాద్ ప్రదర్శనకు పోతుంది. ఈలోగా ఆయన నోట యుద్ధం గురించి ఒక్క మాటైనా వినాలని పిల్ల ఆశ. ఎప్పుడడిగినా లేచి బయటికి పోతాడు. యూనిఫాంలో ఫొటో ఒక్కటైనా దాచుకోలేదు మహానుభావుడు.

తాత పక్కన కనకవ్వ కూర్చుంది. చనిపోయిన స్నేహితుడి భార్య. కూలి పనులు చేసి చేసి నడుం వంగిపోయింది. ఏటా దసరాకు తాతే ఊరి నుంచి పిలిపించుకుంటాడు. మటన్ కూరలో మంచి ముక్కలు ఏరి తన చేత్తో ఆమెకే వేస్తాడు. అంత దయ ఈ రోజుల్లో ఎవరికుంటుందని కాలనీ అంతా చెప్పుకుంటారు.

యమున గుడ్డ తీసింది. యూనిఫాం, తుపాకీ, మెలితిరిగిన మీసం. అందరూ చప్పట్లు కొట్టారు. తాత తల ఎత్తలేదు.

“బువ్వ వెయ్యిర్రి. చెల్లెకు ఆకలైతున్నది,” అన్నాడు.

“ఒక్క మాట చెప్పు తాతా. నీ కోసమే వేసిన,” అంది యమున.

ఆయన కంచం వంకే చూస్తున్నాడు. కనకవ్వ మాత్రం బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

“మా ఇంటాయన గూడ గియ్యే బట్టలు తొడుగుతుండె,” అంది మెల్లగా.

యమున ముఖం వెలిగింది. “అవునా అవ్వా? ఆయన పేరు చెప్పు. ఆయన బొమ్మ గూడ వేస్త.”

“పెనిమిటి పేరు నోటితోని ఎట్ల చెప్త బిడ్డా? ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చెప్పలే.” కనకవ్వ సిగ్గుపడింది. “నాకు సదువు రాదు. గా కింద ఏం రాసినవ్?”

“ఇప్పుడెందుకవన్నీ,” అన్నాడు తాత.

యమున గర్వంగా చదివింది. “యుద్ధం నుంచి బతికొచ్చిన మా తాత, కొమురెల్లి.”

కనకవ్వ తాత వైపు చూసింది. ఆయన చూడలేదు.

“కొమురెల్లి మా ఇంటాయన పేరు బిడ్డా, ఆయన పోయినంక నౌకరి కోసమని గా మిలిటరీ కాగితాలు నేనే గీ అన్న చేతుల పెడితే, అవి పనికి రావని చెప్పిండు.”