ఒకే కుప్ప

ఎన్నికల్లో ఓడిపోయిన కమాండర్ లెక్కింపు గదిలో నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చాడు. వెనకే నీడలా అతని బావమరిది.

"ఏ ఊరు నాకు ఓటెయ్యలేదో చెప్పండి మేడం. చాలు, వెళ్లిపోతా."

"తెలీదండి."

"ఎన్నికల అధికారి మీరు. మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

నేలమీది టార్పాలిన్ చూపించాను. లెక్కపెట్టేముందు అన్ని ఊళ్ల పెట్టెలూ దానిమీద బోర్లించి, ఓట్లన్నీ కలిపించేశాను. ఏ కాగితం ఏ ఊరిదో ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు.

యుద్ధం ఆగాక జరిగిన మొదటి ఎన్నికల్లో ఊరివారీగా లెక్క చదివారు. వారం తిరక్కుండా ఇతని మనుషులు మా ఊరు తగలబెట్టారు. మా అన్నయ్య బయటికి రాలేకపోయాడు. ఆ మంట నా కడుపులో ఇంకా ఆరలేదు.

"ఊళ్లని కాపాడేశానని సంబరపడుతున్నారా?" అన్నాడు.

"మీ ఊరి పెట్టె కూడా ఇందులోనే కలిసిందండి," అన్నాను నెమ్మదిగా. "మీ ఇంట్లోవాళ్ల ఓట్లు కూడా. మీకు ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో మీరు బతికున్నన్నాళ్లూ తెలీదు."

అతను వెనుదిరిగాడు. గుమ్మం దగ్గర పోలీసుకి అప్పగించిన తుపాకీని బావమరిది తిరిగి భుజాన తగిలించుకుంటుంటే, ఆగి చూశాడు.

"నువ్వెవరికేశావురా?"

"అదేం మాట బావా? నీకే."

కమాండర్ అతని ముఖం వంక చూశాడు. తర్వాత తుపాకీ వంక చూశాడు.

"సరే," అన్నాడు. "నువ్వు ముందు నడువు."